నిలబడ్డ కారు ఎందుకు వణుకుతుంది?

సిగ్నల్ దగ్గర కారు ఆగుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉంది, కాలు యాక్సిలరేటర్ మీద లేదు. స్టీరింగ్ సన్నగా అదురుతుంది, అద్దంలో వెనక బండి బొమ్మ చెదురుతుంది, ఆర్‌పీఎం ముల్లు ఏడెనిమిది వందల మధ్య నిలకడ లేకుండా ఊగుతుంది. పచ్చలైటు పడి బండి కదిలాక ఇవేవీ ఉండవు. ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటారు మెకానిక్కులు. యజమాని ‘బండి వణుకుతోంది’ అని ఒక్క ముక్క చెప్పి తాళాలు ఇచ్చేస్తాడు. సాయంత్రానికి కొత్త ప్లగ్గులు, ఒక కాయిల్, ఇంజెక్టర్ క్లీనింగ్, వాటన్నిటి బిల్లు సిద్ధంగా ఉంటాయి. వణుకు తగ్గవచ్చు, తగ్గకపోనూవచ్చు. తగ్గినా ఏది చేస్తే తగ్గిందో ఎవరికీ తెలియదు. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ వాడుకోని సాక్ష్యం ఒకటుంది: వణుకు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది. రోజూ ఆ బండి నడిపే మనిషికి తప్ప అది మరెవరికీ తెలియదు. ఏ పార్టు మార్చాలో తేల్చేముందు ఎప్పుడు వణుకుతోందో తేల్చాలనీ, ఆ పని చాలావరకు ఇంటి ముందే, పెద్ద పరికరాలు లేకుండానే జరుగుతుందనీ నా వాదన. ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు, సీఎన్‌జీ కార్ల గురించి. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు కాబట్టి దాని లెక్క వేరు.

ఐడ్లింగ్‌ను ఇంజిన్ విశ్రాంతిగా అనుకోవడం మామూలు. నిజానికి ఇంజిన్ తప్పు చేయడానికి ఏమాత్రం వెసులుబాటు లేని సమయం అదే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో సిలిండర్‌లో రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది. అంటే సిలిండర్‌కు 400 చొప్పున నిమిషానికి 1,600 సార్లు, సెకనుకు దాదాపు 27 సార్లు. అప్పుడు ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ తలుపు దాదాపు మూసే ఉంటుంది. దాని వెనక ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలి పీడనంలో మూడోవంతుకు దిగిపోతుంది. 1.2 లీటర్ల ఇంజిన్ ఆ సమయంలో పీల్చే గాలి సెకనుకు రెండు మూడు గ్రాములకు మించదు. అదే ఇంజిన్ పూర్తి వేగంతో, పూర్తి థ్రాటిల్‌తో నడిస్తే 60 గ్రాములు దాటుతుంది. గాలి తక్కువ కావడం ఒక్కటే కాదు ఇబ్బంది. సైలెన్సర్ వైపు పీడనం మామూలుగా ఉండి, మానిఫోల్డ్ వైపు బాగా తక్కువగా ఉంటుంది కాబట్టి, రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉండే క్షణంలో కాలిన వాయువే వెనక్కి వచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తుంది. బూడిద కలిసిన పిడకల్లా ఆ మిశ్రమం నెమ్మదిగా అంటుకుంటుంది, ఒక్కో విడత ఒక్కోలా మండుతుంది. దీనికి తోడు ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రమైన ఫ్లైవీల్‌లో దాచిన శక్తి చుట్ల వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 2,400 చుట్ల దగ్గర ఉండే శక్తిలో తొమ్మిదో వంతే 800 దగ్గర ఉంటుంది. వేగంగా తిరిగేటప్పుడు ఒక విడత మండకపోయినా ఫ్లైవీల్ ఆ లోటును దాచేస్తుంది. ఐడ్లింగ్‌లో దాచలేదు. అందుకే ఇంజిన్‌లో ఏ చిన్న లోపం పుట్టినా తరచుగా మొదట బయటపడేది అక్కడే.

వణుకు మన ఒంటికి అంతగా తెలియడానికీ కారణం ఉంది. సెకనుకు 27 సార్లు వచ్చే చిన్న కుదుపులను ఇంజిన్ మౌంటింగుల్లోని రబ్బరు చాలావరకు మింగేస్తుంది. ఒక సిలిండర్ పూర్తిగా పనిచేయడం మానేస్తే నిమిషానికి 400 లోట్లు, అంటే సెకనుకు ఆరేడు కుదుపులు పడతాయి. ఇంత నెమ్మదైన ఊపును రబ్బరు ఆపలేదు. పైగా కూర్చున్న మనిషి శరీరం నిలువు అదురును అన్నిటికన్నా బాగా పట్టుకునేది సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్లు వచ్చినప్పుడే. కాబట్టి వణుకు రకం కూడా సమాచారమే. లయగా, గుర్రం కుంటినట్టు ఒకే వరసలో పడే కుదుపు ఒక సిలిండర్ లోపాన్ని చెబుతుంది. లయ లేకుండా ఎప్పుడుపడితే అప్పుడు వచ్చే తడబాటు అన్ని సిలిండర్లకూ సంబంధించిన గాలి, ఇంధనం లోపాన్ని చెబుతుంది. ముల్లు నెమ్మదిగా పైకీ కిందికీ పోతూ వస్తూ ఉంటే ఇంజిన్ కంప్యూటర్ దేన్నో సరిదిద్దబోయి అటూ ఇటూ అవుతోందన్నమాట. ముల్లు కదలకుండా నిలిచి ఉండి బాడీ మాత్రం అదురుతుంటే ఇంజిన్‌ను అనుమానించడం మాని, కిందికి జారిన లేదా పగిలిన మౌంటింగును చూడాలి. బ్రేకు తొక్కి ఆటోమేటిక్ గేరును డీలో పెట్టినప్పుడు అదురు పెరిగి, న్యూట్రల్‌లో తగ్గితే ఆ అనుమానం బలపడుతుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మొదలు ఈనాటి చిన్న కార్లలో చాలావాటికి మూడు సిలిండర్లే. వాటిలో 180 డిగ్రీలకు బదులు 240 డిగ్రీలకు ఒకసారి ఇంధనం మండుతుంది, ఇంజిన్ ముందుకూ వెనక్కీ ఊగే స్వభావం నిర్మాణంలోనే ఉంది. నాలుగు సిలిండర్ల కారు నుంచి వాటికి మారినవాళ్లు గమనించే అదురంతా లోపం కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా అన్నదే చూడాలి.

ఇప్పుడు అసలు సాక్ష్యానికి వద్దాం. థ్రాటిల్ దాటిన తరవాత ఎక్కడో ఒక రబ్బరు పైపు చిట్లి, సెకనుకు 0.3 గ్రాముల గాలి దొంగతనంగా లోపలికి పోతోందనుకోండి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలిలో అది పదోవంతు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లోనూ బయటా పీడనం దాదాపు ఒకటే కాబట్టి ఆ చిల్లు గుండా గాలి పోవడమే మానేస్తుంది. అంటే గాలి లీకు నిలబడ్డప్పుడు వేధించి, పరుగులో మాయమవుతుంది. కాలిన వాయువులో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరిచి ఇరుక్కుపోయినా అంతే. నిప్పురవ్వ కథ దీనికి నేరుగా తలకిందులు. సిలిండర్‌లో పీడనం పెరిగేకొద్దీ ప్లగ్ కొనల మధ్య రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఐడ్లింగ్‌లో పీడనం తక్కువ కాబట్టి ఆ వోల్టేజీని ఇచ్చే కాయిల్ నీరసపడినా ఎలాగో నెట్టుకొస్తుంది. నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, మూడో గేరులో గట్టిగా తొక్కినప్పుడు చేతులెత్తేస్తుంది. నిలబడ్డప్పుడు వణికి 2,500 చుట్ల దగ్గర నున్నగా నడిచే బండికి కాయిల్స్ మార్చడం ఎందుకు మొదటి పని కాకూడదో ఇక్కడ అర్థమవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే మిస్సింగ్ కొట్టే బండికి పైపులన్నీ వెతకడమూ అలాంటిదే. రెండు చోట్లా ఇబ్బంది పెడితే ఒక సిలిండర్ మొత్తంగా పనిచేయడం లేదని అనుకోవాలి: రవ్వ లేకపోవడం, ఇంజెక్టర్ మూసుకుపోవడం, కంప్రెషన్ పోవడం. ఈ మూడిట్లో ఏదన్నది తరవాత తేలుతుంది.

ఇదంతా మరీ సూటిగా ఉందని అనుభవమున్న మెకానిక్ అభ్యంతరం చెప్పవచ్చు, అందులో నిజముంది. కొన్ని కార్లు లోపలికి వచ్చే గాలి బరువును నేరుగా కొలుస్తాయి. లీకైన గాలి వాటి లెక్కలోకి రాదు కాబట్టి మిశ్రమంలో పెట్రోలు తక్కువపడి ఇంజిన్ తడబడుతుంది. మన రోడ్ల మీద చిన్న కార్లు చాలావరకు మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచి గాలిని అంచనా కడతాయి. దొంగగాలి వచ్చినా వాటికి పీడనం పెరిగినట్టే కనిపిస్తుంది, పెట్రోలు కూడా పెంచుతాయి. అప్పుడు వణుకు బదులు ఐడ్లింగ్ వేగం పెరగడం, ముల్లు ఊగడం కనిపిస్తుంది. చిల్లు ఒక సిలిండర్ దారికి దగ్గరగా ఉంటే ఆ ఒక్కటే కుంటుతుంది. అందుకే ఒక్క లక్షణంతో తీర్పు చెప్పకూడదు. ఒకటికి రెండు పరిస్థితుల్లో చూడాలి, వాటిలో వేడి ముఖ్యమైనది. కాలిన వాయువును చూసి మిశ్రమాన్ని సరిదిద్దడానికి తోడ్పడే ఆక్సిజన్ సెన్సార్ కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కితే గానీ సరిగ్గా పనిచేయదు. అప్పటిదాకా కంప్యూటర్ లోపల రాసిపెట్టిన లెక్క ప్రకారం కాస్త ఎక్కువ పెట్రోలు పోస్తుంది. తెల్లవారగానే మొదటి నిమిషంలో వణికి తరవాత సర్దుకునే బండిలో ప్లగ్గులూ ఇంజెక్టర్లూ చూడాలి. దాంతోపాటు కూలెంట్ కూడా తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ దాకా ఆలోచించాలి. బాగా వేడెక్కాకే వణుకు మొదలైతే వేడికి తెగే కాయిల్ చుట్టలు, ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని అబద్ధం చెప్పే కూలెంట్ సెన్సార్, మూసినా కారే ఇంజెక్టర్ అనుమానితులు. రామగుండం ఎండలో, బానెట్ కింద వేడి మరింత పెరిగే ట్రాఫిక్‌లో ఇవి ముందే బయటపడతాయి. వానలో మాత్రమే వస్తే కాయిల్ కింది రబ్బరు తొడుగులో బీట వెతకాలి. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ ఐదు నిమిషాలు వణికితే బంకును తిట్టే ముందు ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ తెరిచే ఉండిపోయిందేమో చూడాలి. ఏసీ వేస్తేనే వణుకుతుంటే, కంప్రెసర్ భారాన్ని మోయడానికి కంప్యూటర్ థ్రాటిల్ తలుపు కాస్త తెరవబోతే మసి అడ్డుపడుతోందేమో చూడాలి. సీఎన్‌జీ కారు ఉన్నవాళ్లకు వీటన్నిటికన్నా మంచి పరీక్ష డ్యాష్‌బోర్డు మీదే ఉంది. స్విచ్ నొక్కి ఇంధనం మార్చడమే. గ్యాస్ మీద వణికి పెట్రోలు మీద వణకకపోతే గ్యాస్ రెడ్యూసర్, దాని ఇంజెక్టర్లు, ఎక్కువ వోల్టేజీ కోరే గ్యాస్‌తో అరిగిన ప్లగ్గులు. పెట్రోలు మీదే వణికితే పెట్రోలు ఇంజెక్టర్లు. రెండింటి మీదా వణికితే గాలి, రవ్వ, కంప్రెషన్.

ఇక బానెట్ ఎత్తవచ్చు. మొదట ఇంజిన్ ఆపి కంటితో చూడటం. సర్వీసింగ్ తరవాత మొదలైన వణుకుల్లో ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పు పెట్టకపోవడం, ఒక పైపు తిరిగి తొడగకపోవడం తరచుగా కనిపించే కారణాలు. నాలుగు రోజులు బండి తీయకపోతే ఎలుకలు కొరికిన వైర్లూ పైపులూ మన ఊళ్లలో కొత్త సంగతి కాదు. ఇంజెక్టర్ వైరు ఒక్కటి తెగినా ఒక సిలిండర్ పోయినట్టే. ఇంజిన్ ఆన్ చేసి అర మీటరు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర పైపుల అతుకుల వెంట మెల్లగా తిప్పితే బుస్సుమనే శబ్దం లీకు చోటును పట్టిస్తుంది. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావు పైపు చివర తప్పకుండా చూడాలి. అనుమానమున్న అతుకు మీద స్ప్రే సీసాతో కొద్దిగా నీటి తుంపర కొడితే, నీరు చిల్లును క్షణంపాటు మూసి ఐడ్లింగ్ మారుతుంది. పెట్రోలో, మండే క్లీనరో కొట్టి చూసే అలవాటు వేడి ఇంజిన్ మీద ప్రమాదం, అది మానుకోవాలి. ఆల్టర్నేటర్ మీదా, కాయిల్స్ మీదా నీళ్లు పడకూడదు. థ్రాటిల్ బాడీ విషయానికొస్తే, క్రాంక్ కేసు నుంచి వచ్చే నూనె ఆవిరి తలుపు అంచున జిగురుమసిగా పేరుకుంటుంది. సన్నని సందు గుండా కొలిచి గాలి వదలాల్సిన చోట ఆ మసి పెద్ద అడ్డంకే. థ్రాటిల్ బాడీ క్లీనర్ గుడ్డమీద కొట్టి, ఆ గుడ్డతో తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ తలుపును వేలితో బలవంతంగా నెడితే లోపలి గేరు పళ్లు దెబ్బతింటాయి. తుడిచాక ఐడ్లింగ్ కొంతసేపు హెచ్చుగా ఉండవచ్చు. మసి ఉన్నప్పటి లెక్కను కంప్యూటర్ మరిచి కొత్తది నేర్చుకోవాలి, కొన్ని కార్లలో స్కానర్‌తో నేర్పించాలి.

స్కానర్ పెడితే అన్నీ అదే చెబుతుంది కదా, ఈ వెతుకులాట ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. 2013 తరవాతి బీఎస్-4 కార్లలో, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కార్లలో స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటుంది. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న రీడర్ చాలు. నేను దాన్ని గట్టిగా సమర్థిస్తాను, ఒక షరతుతో. రీడర్ చూపే లోపం కోడ్ చెప్పేది ఫలితం, కారణం కాదు. పీ0302 అంటే రెండో సిలిండర్‌లో ఇంధనం మండటం లేదని మాత్రమే. పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని. ఆక్సిజన్ సెన్సార్ పాడైందని దాని అర్థం కాదు, ఆ సెన్సార్ సరిగ్గా పనిచేయబట్టే ఆ కోడ్ వచ్చి ఉండవచ్చు. సాక్షిని మార్చేసి కేసు మూసినట్టు, ఆ కోడ్ చూసి సెన్సార్ మార్చడం జరుగుతూనే ఉంటుంది. రీడర్‌లో కోడ్ కన్నా విలువైనది ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె. కంప్యూటర్ తన లెక్కకు పైన ఎంత పెట్రోలు కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది శాతంలో చూపిస్తుంది. ఐడ్లింగ్‌లో అదనం 20 శాతం ఉండి, 2,500 చుట్ల దగ్గర మూడు నాలుగుకు దిగితే, గాలి బరువును నేరుగా కొలిచే కార్లలో అది గాలి లీకు. ఐడ్లింగ్‌లో మామూలుగా ఉండి, వేగంతో పెరిగితే పంపు, ఫిల్టర్, పెట్రోలు పీడనం చూడాలి. పైన చెవితో, కంటితో అడిగిన ప్రశ్ననే స్కానర్ అంకెల్లో అడుగుతోంది. ఎప్పుడు అన్నది లేకుండా ఆ అంకెకు కూడా అర్థం లేదు.

పీ0302 వచ్చిందనుకుందాం. ఇంజిన్ ఆపి, చల్లారాక రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి కోడ్ చెరిపి నడపండి. ఈసారి పీ0303 వస్తే దోషి కాయిల్. పైసా ఖర్చు లేకుండా రుజువైంది. కోడ్ రెండులోనే ఉంటే ప్లగ్గులను అలాగే మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తరవాత కంప్రెషన్. ప్లగ్ విప్పినప్పుడు దాని ముఖం కూడా చదవాలి. లేత గోధుమరంగు, బూడిదరంగు ఆరోగ్యం. పొడిమసి పెట్రోలు ఎక్కువకు గుర్తు. నూనె తడి రింగులకో వాల్వ్ సీళ్లకో. పెట్రోలు తడి రవ్వ లేకపోవడానికి. ఒక్క ప్లగ్ మాత్రం మిగిలినవాటికన్నా మరీ శుభ్రంగా కడిగినట్టుంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ చేరుతోందని అనుమానించాలి. ప్లగ్గులు ఎటూ చవకే, అన్నీ ఒకేసారి మార్చేస్తే పోలేదా అన్న వాదన వినడానికి బాగుంటుంది. గడువు దాటిన ప్లగ్గులకైతే అది సరైనదే. గడువులో ఉన్నవాటిని పారేస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఏ సిలిండర్‌లో ఏం జరిగిందో రాసి ఉన్న చీటీ కూడా పోతుంది. నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్ వైర్లు ఒక్కొక్కటే లాగి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. అక్కడ ఉండేది 20 వేల వోల్టులకు పైమాట.

ఈమధ్య ప్రతి వణుకునూ ఇథనాల్ మీదకు నెట్టడం చూస్తున్నాం. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. స్వచ్ఛమైన పెట్రోలు ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిదే. 20 శాతం కలిసిన ఇంధనానికి 13.5 దాకా వస్తుంది. అంటే అదే గాలికి ఇంధనం దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి. ఆక్సిజన్ సెన్సార్ ఉన్న కారు ఇంతమాత్రం సర్దుకోగలదు, ఆ సర్దుబాటు ట్రిమ్ అంకెలో కనబడుతుంది. కార్బురేటర్ కార్లు సర్దుకోలేవు, వాటి విషయంలో ఆరోపణలో పస ఉంది. పాత రబ్బరు పైపులు పాడవడం, చాలాకాలం కదలని ట్యాంకులో నీరు చేరడం కూడా నిజమైన ఫిర్యాదులే. అయితే ఇంధనం అన్ని సిలిండర్లకూ ఒకటే. ఒక్క సిలిండర్ కుంటుతుంటే ఇథనాల్‌ను ముద్దాయి చేయడానికి సాక్ష్యం చాలదు.

ఇప్పటి కార్లను ఇంట్లో ముట్టుకోకూడదనే హెచ్చరికలో సగం ఒప్పుకోవాలి. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో పీడనం 200 బార్లు దాటుతుంది, ఆ పైపులు విప్పడం ఇంటి పని కాదు. హైబ్రిడ్ల నారింజరంగు కేబుళ్ల జోలికి పోకూడదు. వారంటీ ఉన్న బండిని ఏదీ విప్పకుండా గమనించి అప్పగించడం మేలు. కంప్రెషన్ పరీక్ష గేజ్ ఉన్న చోటే చేయించాలి. గమనించేటప్పుడు కూడా చున్నీ, వదులు చొక్కా చేతులు బెల్టుకు దూరంగా ఉండాలి. రేడియేటర్ ఫ్యాను ఉన్నట్టుండి దానంతటదే తిరుగుతుంది. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, మూసిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ పరీక్షలు చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు. అదే ఆరుతూ వెలుగుతుంటే మండని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ భాగం కరిగితే ఖర్చు కాయిల్ ధరకు ఎన్నో రెట్లు. పక్కకు తీసి బండి ఆపేయాలి.

చివరికి వర్క్‌షాపుకే వెళ్లవలసి రావచ్చు. అప్పుడు చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, నిలబడ్డప్పుడా ఎత్తు ఎక్కేటప్పుడా, ఏసీతోనా లేకుండానా, పెట్రోలు మీదా గ్యాస్ మీదా అన్నది ఒక కాగితం మీద రాసి తాళాలతోపాటు ఇవ్వండి. మార్చిన ప్రతి పార్టునూ, అది ఏ సిలిండర్‌దో రాయించి, వెనక్కి అడిగి తీసుకోండి.